నా నీళ్లు మోసిన వీపు

నమోదు 1

ప్రయాణానికి వెళ్లే ప్రతి జట్టులోనూ ఒకరు రోజూ రాతపలక మీద నమోదు రాయాలని తిత్తుల ఆఫీసు వారి నియమం. ఎండ ఎలా ఉంది, దుమ్ము ఎటు నుంచి లేచింది, ఎవరి కాళ్లు బొబ్బలెక్కాయి, ఇవి రాస్తే చాలంటారు. రాస్తాను. ఎండ మాడ్చేస్తోంది. దుమ్ము అన్ని వైపుల నుంచీ లేచింది. కాళ్లు బాగానే ఉన్నాయి. కడుపు మాత్రం భగ్గున మండుతోంది. ఎందుకో కూడా రాస్తాను. చదివేవాళ్లు చదువుకోనీ.

ఈ ఉదయం పేట గేటు దగ్గర తిత్తులు మార్చుకున్నాం. మేం నలుగురం. జట్టు పెద్ద వన్నూరప్ప, మారెక్క, నేను, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన హైమ అనే మనిషి. మబ్బుల్లోంచి నీళ్లు పట్టడానికి గద్దగుట్ట కొమ్మున కట్టిన మబ్బువల చిరిగిందట. మబ్బుల కాలం దగ్గర పడింది. ఈలోగా వల కుట్టకపోతే ఈ ఏడు పేటకు తాగడానికి చుక్క ఉండదు. దుమ్ము పట్టి మోటారు బండ్లన్నీ మా అమ్మ కాలంలోనే మూలబడ్డాయి కాబట్టి నడిచే పోవాలి. ఆ ఇసుకలో ఎక్కడా నీళ్లు దొరకవు కాబట్టి మోసుకునే పోవాలి.

ఎవరి నీళ్లు వాళ్లు మోసుకోవడం మాలో లేదు. నా తిత్తి నా జోడు వీపు మీద ఉంటుంది, నా జోడు తిత్తి నా వీపు మీద ఉంటుంది. ఒకరిని వదిలేసి ఒకరు పారిపోవడానికి వీల్లేకుండా పెట్టిన పద్ధతి ఇది. ఇన్నేళ్లలో నా తిత్తి మారెక్క వీపు మీద తప్ప మరెక్కడా ఊగలేదు. ఈ ఉదయం కూడా అలవాటుగా నా తిత్తి ఎత్తుకుని ఆమె ముందు నిలబడ్డాను. ఆమె నన్ను దాటి వెళ్లి హైమ తిత్తి అందుకుంది. కొత్తవాళ్లకు ఆఫీసు వాళ్లు పెద్ద తిత్తి ఇస్తారు. ఆ పెద్ద తిత్తిని భుజాలకు తగిలించుకుని పట్టీ బిగించుకుంది.

"ఏమక్కా, పొరపాటున తగిలించుకుంటివా?" అన్నాను.

"పొరపాటేం కాదులే సుంకా. కొత్తమ్మి కదా, ఈసారికి నేను చూసుకుంటా. నువ్వు వన్నూరన్నతో జోడు కట్టుకో."

అందరి ముందూ అంది. గేటు కాపలావాడు కూడా నా వంక జాలిగా చూశాడు. నేను నవ్వాను. ఆ నవ్వు నవ్వడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

నమోదు 2

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుడ్డ కట్టుకుని దాని కింద నలుగురం ఒదిగి కూర్చున్నాం. సాయంత్రం దాకా ఇక్కడే. సద్దరొట్టె, ఉప్పు రాసిన ఉల్లిగడ్డ తిన్నాం. తర్వాత నీళ్లు.

నీళ్లు తాగేటప్పుడు మోసే మనిషి వెనక్కి తిరిగి కూర్చుని, "తాగు, నా ఈపు తేలిక చెయ్యి" అనాలి. మర్యాద అది. ఇంటికి వచ్చినవాళ్లను కూర్చోమన్నట్టు. అవతలివాళ్లు వీపు మీది తిత్తి మూతికి పెదాలు ఆనిస్తారు. తిత్తి అంటే ఉత్త సంచి కాదు, బతికున్న తోలు. మన చెంప లోపలి చర్మం గీకి తీసుకెళ్లి ఆఫీసులో పెంచుతారు. దానికి తన మనిషి ఎంగిలి మాత్రమే తెలుసు. వేరే మూతి తగిలితే బిగుసుకుపోతుంది. కత్తితో కోస్తే చచ్చి, లోపలి నీళ్లు గుక్క మింగేలోపే కుళ్లు కంపు కొడతాయి. కరువేళ్లలో మోసేవాళ్లు నీళ్లు తాగేసి ఉడాయించారట, అప్పటి నుంచి ఇలాంటివి పెంచుతున్నారు.

వన్నూరన్న వెనక్కి తిరిగి, "తాగు సుంకమ్మా, నా ఈపు తేలిక చెయ్యి" అన్నాడు. ఆయన వీపు వెడల్పుగా, చెమట కంపుతో, గోడలా ఉంది. రెండు చుక్కలు తడిపి మూతి తుడుచుకున్నాను.

అటు చూస్తే హైమ మారెక్క వీపుకు అంటుకుపోయి గటగటా తాగుతోంది. గొంతులోంచి చప్పుడు కూడా వస్తోంది. సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లేదా?

"అయ్యబాబోయ్, ఎంత చల్లగున్నాయో మారెక్క గారూ! మా వైపు చుట్టూతా నీళ్లేనండి, నోట్లో పోసుకోడానికే ఉండవు. దొరికినప్పుడు తాగెయ్యడమే" అంది మూతి తుడుచుకుంటూ.

నేను అడ్డు తగులుదామనుకున్నాను. మారెక్క కోప్పడుతుందని చూశాను కూడా. ఆమె పకపకా నవ్వింది. "తాగమ్మా, కడుపు నిండా తాగు" అని వెన్ను విరుచుకుంది.

నేను ప్రయాణం నుంచి వచ్చానంటే నా తిత్తిలో సగం నీళ్లు మిగిలే ఉంటాయి. ఆ మిగులును ఆఫీసులోనే ఏదో మందు రాసి తిత్తి మూతి వదులు చేసి పేట తొట్టిలో పోస్తారు. సుంకమ్మంత పొదుపు మనిషి లేదని ఆఫీసువాళ్లు తల ఊపుతారు. పిల్లలకు నన్ను చూపించి చెబుతారు. అలాంటి నన్ను పక్కన పెట్టి, ఈ గటగటలాడే మనిషిని నెత్తిన పెట్టుకుంది మారెక్క.

నమోదు 3

దుమ్ము తగ్గింది. వన్నూరన్న మడమకు బొబ్బ. ఆఫీసుకు కావలసింది రాశాను కదా, ఇప్పుడు అసలు సంగతి.

నడిచేటప్పుడు జోడు జోడుగా నడుస్తాం. ముందు వాళ్లిద్దరూ, వెనక మేమిద్దరం. హైమ ఏదో చెబుతుంది, మారెక్క నవ్వుతుంది. నాతో నడిచినన్నాళ్లూ మారెక్క పొద్దున మాట్లాడితే సాయంత్రానికి మూగదయ్యేది. అలసిపోయిందిలే, వయసు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు పొద్దు వాలినా నోరు మూతపడటం లేదు. హైమకు వలల ముడులు తెలుసట, వాళ్ల నాన్న చేపల వలలు అల్లేవాడట. మారెక్క ఆ ముడులు నేర్చుకుంటోంది. నడుస్తూ నడుస్తూ ఇద్దరూ ఒక తాడు ముక్క పట్టుకుని వేళ్లు కలుపుకుంటున్నారు. గౌరమ్మ ఆట ఆడుకునే పిల్లల్లా ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక ఉండబట్టలేక వన్నూరన్నను అడిగేశాను. "అన్నా, మా జోడు నువ్వు ఏంటికి ఇరిచినావు?"

ఆయన ఆగి, ఇసుకలో కర్ర గుచ్చి నా వంక చూశాడు. "నేనేంటికి ఇరుస్తానమ్మా? మారెక్కనే వచ్చి అడిగింది. నన్ను సుంకతో ఏయొద్దు, ఇంకెవురితో అయినా ఏయి అనింది."

"ఏంటికంట?"

"అది ఆమెనే అడుగు. ఆడోళ్ల మధ్య నేను రాను."

అడగలేదు. ఎందుకు అడగాలి? నన్ను వద్దనుకున్న మనిషి దగ్గరికి పోయి, నన్నెందుకు వద్దనుకున్నావు తల్లీ అని దేబిరించాలా? ఆ సాయంత్రం వన్నూరన్న వెనక్కి తిరిగి కూర్చుంటే, "ఇప్పుడొద్దులే" అన్నాను. నిజానికి గొంతు ఎండి నాలుక అంగిలికి అతుక్కుంటోంది. అయినా ఆ వీపు మీది నీళ్లు నాకు గొంతు దిగవు. మారెక్క ఒక్కసారి తిరిగి చూసి, "సుంకా, తాగినావా?" అని అడుగుతుందేమోనని ఎదురుచూశాను. ఆమె ముడి వేసుకుంటోంది.

నమోదు 4

గద్దగుట్ట కిందికి చేరాం. మొన్నటి నుంచి నా తిత్తి నిండుగానే ఉంది.

నిట్టనిలువు బండ. పాత మేకులు కొట్టి ఉన్నాయి, వాటికి తాడు తగిలించుకుంటూ ఎక్కాలి. ఎక్కే ముందు జోడువాళ్లు ఒకరి తిత్తి ఒకరు వీలైనంత తాగి తగ్గించడం అలవాటు. వన్నూరన్న తిత్తి నా వీపు మీద అప్పటికే సగానికి పడిపోయింది. ఆయన నా ముందు కూర్చుని ఈసారి మర్యాద మాట అనలేదు. బతిమాలాడు.

"రోంత తాగమ్మా. నిండు తిత్తితో ఈ బండ ఎక్కాలంటే నాతో అయితాదా? నీకు దండం పెడతా."

పక్కనే హైమ గటగటా తాగుతోంది. మారెక్క ఆమె తల నిమురుతోంది. నా తలను ఎప్పుడైనా నిమిరిందా?

"ఎక్కన్నా. పైన తాగుతాలే" అన్నాను.

ముందు మారెక్క, హైమ ఎక్కారు. తర్వాత వన్నూరన్న, ఆయన వెనక నేను. సగం ఎత్తులో బండ బయటికి పొడుచుకువచ్చిన చోటు ఒకటుంది. అక్కడ ఒంటిని పక్కకు తిప్పి ఎక్కాలి. ఆయన తిరిగాడు. నిండు తిత్తి ఆయన కన్నా ఆలస్యంగా తిరిగింది. ఆ ఊపుకు చేయి జారింది.

తాడు ఆగింది గానీ ఆయన గుండ్రంగా తిరిగి బండకు కొట్టుకున్నాడు. చీలమండ విరిగిన చప్పుడు నాకు వినపడింది. తర్వాత ఇంకో చప్పుడు, తడి గుడ్డ చింపినట్టు. నా తిత్తి బండ అంచుకు గీసుకుని నిలువునా చీలిపోయింది. నా నీళ్లన్నీ నా మొహం మీదుగా, నా చేతుల మీదుగా కారిపోయాయి. నోరు తెరిచాను. నా నీళ్లే అవి, అయినా తోలు చావగానే కంపు కొట్టాయి, కక్కుకున్నాను. ఎర్ర బండ మీద నల్లటి చార సాగింది. చూస్తుండగానే ఆరిపోయింది.

పైనుంచి మారెక్క కేక వేసింది. "సుంకా! బతికున్నావా?"

ఆ పిలుపు కోసం ఇన్నాళ్లు కాచుకుని ఉన్నాను. ఇలా వినాలని మాత్రం కాదు.

నమోదు 5

వన్నూరన్నను లాగి బండ నడుమ బల్లలా ఉన్న చట్టు మీద పడుకోబెట్టాం. కాలుకు బద్దలు కట్టాం. నేను ఆయన దగ్గర ఉండిపోయాను. ఆయన నీళ్లు నా వీపు మీద ఉన్నాయి కదా, నేను కదలకూడదు. మారెక్కా హైమా పైకి పోయి రోజంతా వల కుట్టారు.

ఇక్కడి నుంచి వాళ్లు కనిపిస్తారు. కొమ్ము మీద, ఆకాశానికి ఆనుకుని, ఇద్దరు మనుషులు ఒకే వలను అటూ ఇటూ పట్టుకుని కుడుతున్నారు. చిరుగు పెద్దదే. హైమ చేతులు వేగంగా కదులుతున్నాయి. ఆమె లేకపోతే ఆ వల ఈ ఏడాదికి కుట్టడం అయ్యేది కాదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఎంత కష్టంగా ఉందో.

"నా తిత్తి పట్టీ వదులైంటాదన్నా. అందుకే ఊగింటాది" అన్నాను వన్నూరన్నతో.

ఆయన కళ్లు మూసుకునే, "పట్టీ బిగుతుగానే ఉండెనమ్మా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా వల్లే ఈ ముసలాయన కాలు విరిగింది, నాకు తెలుసు. తెలిసి కూడా కళ్లు పైకే పోతున్నాయి, వాళ్లిద్దరూ ఎంత దగ్గరగా నిలబడ్డారో చూడటానికి. ఇంత పాడుబుద్ధి పుట్టిన మనిషిని నేనొక్కదాన్నే ఉంటానేమో.

పని ముగించుకుని దిగి వచ్చాక మారెక్క నా పెదాలు చూసింది. హైమను వెనక్కి తిప్పి, తన తిత్తికి మూతి ఆనించి, నోటి నిండా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను దోసిలి పట్టాను. వంగి అందులో వదిలింది. ఇంకో దారి లేదు, తిత్తి తన మనిషి నోటికి తప్ప ఇవ్వదు. ఎంగిలి నీళ్లు. గోరువెచ్చగా ఉన్నాయి. కన్నపిల్లలకు తల్లి ఇస్తుంది అలా, జోడుకు జోడు ఇస్తుంది. అంతే తప్ప పెద్దవాళ్లు మరొకరికి ఇవ్వడం మాలో లేదు.

తాగాను. హైమ చూస్తోందా లేదా అని ఓరగా చూస్తూ తాగాను.

నమోదు 6

కిందికి దిగాం. బరువులు మార్చుకున్నాం. వన్నూరన్న మారెక్క భుజం మీద వాలి ఒంటికాలితో కుంటాలి, కాబట్టి ఆమె వీపు ఖాళీ చేశాం. హైమ పెద్ద తిత్తి, వన్నూరన్న తిత్తి రెండూ నేను ఎత్తుకున్నాను. మారెక్క తిత్తి హైమ వీపు మీదే ఉంది. నా తిత్తి ఎవరి మీదా లేదు.

ఎండ ఎక్కగానే హైమ నా వెనక చేరి తాగింది. తర్వాత బుగ్గలు ఉబ్బించుకుని నా ముందుకు వచ్చి, చేతులు పట్టమని సైగ చేసింది.

"నాకొద్దు. మారెక్క ఇస్తాది" అన్నాను.

ఆమె మింగేసి, "మొహమాటపడకండి అక్కా. నా దాంట్లో చాలా ఉన్నాయండి" అంది.

"నీ ఎంగిలి నేను తాగను" అన్నాను మొహం మీదే.

మారెక్క వన్నూరన్నను మెల్లగా ఇసుకలో కూర్చోబెట్టింది. నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందుకు వచ్చింది. ఇన్నేళ్లలో ఆమెకు కోపం రావడం చూశాను గానీ నా మీద రావడం చూడలేదు.

"నా తిత్తి అడుగంటుతాంది. నేను మనిషిని మోయల్ల. యాడ తెచ్చి ఇచ్చేది నీకు? ఆ పిల్ల ఇస్తాంటే నీకేమొచ్చింది?"

"నీకు ఆ పిల్లే ఎక్కువైపోయింది కదక్కా. నన్ను వద్దని నువ్వే పోయి అడిగితివంట."

"అడిగినా. ఇట్ల రా." రవిక భుజం పక్కకు లాగింది. తిత్తి పట్టీ పడే చోట రెండు భుజాల మీదా చర్మం నల్లగా, గట్టిగా, ఎద్దు మెడ మీది కాయలా ఉంది. కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి దిగిపోయి ఉంది. నేను రోజూ వెనక నుంచి చూసిన వీపే. ఎప్పుడూ తిత్తినే చూసినట్టున్నాను.

"నువ్వు తాగకుండా దాచిపెట్టిన నీళ్లు ఎవురి ఈపు మీద ఉండాయే? పోతా మోసినా, వస్తా మోసినా. పేటకు పోతానే అందురూ నిన్ను మెచ్చుకుంటాండ్రి. నేను ఇంటికి పోయి బోర్లా పడుకుంటాంటి. ఆ పిల్లది పెద్ద తిత్తే, అయినా పొద్దు గూకేలోగా సగం తాగుతాది. నాకు ఊపిరి ఆడతాది."

"ముందే చెప్పొచ్చు కదా?" అన్నాను.

"ప్రతి దినమూ చెప్తిని. తాగు, నా ఈపు తేలిక చెయ్యి అని ప్రతి దినమూ నీకు ఈపు తిప్పి చెప్తిని. నువ్వు వినకపోతివి."

వన్నూరన్న ఇసుక వంక చూస్తూ కూర్చున్నాడు. హైమ తాడు ముక్కతో ఆడుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది గానీ కళ్లలో తడి రాలేదు, ఒంట్లో అంత నీరు లేదు.

కాసేపటికి నేనే హైమకు వీపు తిప్పి కూర్చున్నాను. మాట కూడా నోట్లోంచి బయటికి తెచ్చాను. "తాగు హైమా. నా ఈపు తేలిక చెయ్యి." ఆమె తాగింది, ముందుకు వచ్చింది, నా దోసిట్లో వదిలింది. కళ్లు మూసుకుని మింగాను. ఉత్త నీళ్లే. మారెక్క ఇచ్చినవి ఎలా ఉన్నాయో ఇవీ అలాగే ఉన్నాయి. అది కూడా నాకు కష్టంగానే అనిపించింది.

నమోదు 7

ఇదే ఆఖరిది. పేట కనిపించే దూరంలో గుడ్డ కింద కూర్చుని రాస్తున్నాను. గాలి పడమటి నుంచి. కాలు విరిగాక వన్నూరన్నకు పట్టుకున్న జ్వరం తగ్గింది. వల కుట్టడం పూర్తయింది, మబ్బు దిగితే పేటకు నీళ్లొస్తాయి.

హైమా నేనూ పక్కపక్కనే నడిచి వచ్చాం. గంటకోసారి ఆగడం, నేను వెనక్కి తిరగడం, ఆమె తాగడం, నాకు ఇవ్వడం. తనకు ఒక గుక్క, నాకు రెండు. అడగకుండానే ఇస్తుంది. చుక్క కింద పడకుండా నా చేతుల కింద తన చేతులు పట్టి ఇస్తుంది. అవతలిదాని నీళ్లు నా వీపు మీద తరుగుతుంటే నడక ఎలా మారుతుందో నాకు ఇప్పుడు తెలిసింది. నిన్న సాయంత్రానికి నేను కూడా వాగడం మొదలుపెట్టాను. వాళ్ల నాన్న సంగతులు అడిగాను. ఒక ముడి నేర్చుకున్నాను. నాకు ఆ మనిషి నచ్చిందని రాయను. రాయను గానీ, మారెక్కకు ఇలాంటి జోడు దొరికింది కదా అని మళ్లీ కడుపు మండింది. ఈసారి మంట మారెక్క మీద.

ఇందాక రొట్టె పంచేటప్పుడు ధైర్యం చేసి అడిగాను. "అక్కా, ఇంగ నేను బాగా తాగుతా. వచ్చేసారి మనం జోడు కట్టుకుందామా?"

"నీతో మాట్లాడతా, నీతో తింటా. నీ నీళ్లు మాత్రం నేను మోయనే సుంకా. నా భుజాలకు భయమైపోయింది" అంది. నెమ్మదిగానే అంది. కోపం ఉంటే పోట్లాడేదాన్ని. లేదు కాబట్టి తల ఊపాను. రొట్టె గొంతులో అడ్డం పడింది.

రొట్టె దిగడానికి హైమ వెంటనే నా వెనక చేరి తాగి, నోటి నిండా పట్టుకుని ముందుకు వచ్చింది. నేను దోసిలి పట్టాను. ఆమె వంగి ఇస్తూ ఉంటే ఎందుకో పక్కకు చూశాను. మారెక్క మా వంకే చూస్తోంది. రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. పెదవి ఒక పక్కకు లాక్కుపోయి, కళ్లు చిన్నవై, ముక్కుపుటాలు అదిరి, చూడనట్టు చూసే చూపు. ఆ మొహాన్ని నేను ఇన్నాళ్లుగా లోపలి నుంచి మోశాను. బయటి నుంచి చూడటం ఇదే మొదలు.

"చాల్లేమ్మే ఇంగ" అంది హైమతో, విసురుగా. "గేటు కనపడతాంది. ఇంటికి పోయినాక తాగుతాదిలే ఆయమ్మ."

హైమ నా వంక చూసి, "ఇంకొక్క గుక్క ఇమ్మంటారా అక్కా?" అంది.

అదేం లేదక్కా, నువ్వే దాని జోడు, మా మధ్య ఏముంది అని మారెక్కకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. ఆమె భుజాలకు ఆ మాత్రం బాకీ ఉన్నాను. అప్పటికే నా కడుపు నిండి ఉంది, దప్పిక ఎప్పుడో తీరిపోయింది.

దోసిలి పట్టాను. నిదానంగా, చివరి చుక్క దాకా తాగాను.